మడతలో దాచిన నాలుగు వేళ్ళ గుడ్డ

మొన్న ఆదివారం పొద్దున్న ఎనిమిదీ పావుకి, నేను పెరట్లో కొబ్బరి ఈనెలు తీసుకుంటూ కూర్చున్న వేళ, వీధిలో ఒక కారు హారను మోగింది. ఆ గొంతు ఏ కారుదో తల ఎత్తకుండానే చెప్పేశాను. అమలాపురంలో మా కాలపు డాక్టరు గారి కారు, గుడ్డ టాపు మడిచి వెనక్కి వేసుకునేది. ఆయన మనవరాలు, కాలేజీలో పాఠాలు చెబుతుంది, తనే నడుపుకుంటూ వచ్చింది. టాపు లేపితే ముందద్దం మీది కొక్కేలకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోతోందిట, రెండు షెడ్లవాళ్ళు దాన్ని పీకేసి రేకు వేయించుకోమన్నారుట, ఈ పూట కొక్కేలు పడకపోతే రేపే రేకు పని మొదలుపెట్టిస్తుందిట. ఆ టాపు కుట్టింది నేను. నేను బతికుండగా దాని చోట రేకు పడనివ్వదలచుకోలేదు.

మా మేనమామది రిక్షా టాపులూ లారీ టార్పాలిన్లూ కుట్టే షెడ్డు. డాక్టరు గారు పాతది కొనుక్కున్న ఆ కారుకి టాపు కావాలని వస్తే, మనవల్ల కాదని మామయ్య అంటున్నా వినకుండా నేను కుడతానన్నాను. ముప్పై దాటినా పేరు రాసుకోవడం రానివాణ్ణి, పొగరుకి మాత్రం లోటు లేదు. రిక్షా టాపు కట్టగానే దాని మీద నీళ్ళు చల్లడం మా ఆనవాయితీ, ఆరేసరికి గుడ్డ బిగుసుకుని డప్పులా నిలుస్తుంది. కారుకీ అదే చేసి, ఆ తడిగుడ్డని అలాగే మడిచి పంపేశాను. రిక్షా టాపు ముందంచు గాలిలో ఉంటుంది, కారుది కొక్కేల్లో పడాలి అన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. మర్నాడు డాక్టరు గారి భార్య, మేం అమ్మగారనేవాళ్ళం, మామిడికుదురులో చర్చి పని చూసుకుని వస్తుంటే వాన అందుకుంది. టాపు లేపితే ముడుచుకుపోయి నాలుగు వేళ్ళు చాలలేదు. ఆవిడ కారులో గొడుగు వేసుకుని ఊళ్ళోకి రావడం బజారంతా చూసింది. సూది వదిలేసి కొబ్బరి దింపుకి పొమ్మన్నాడు మామయ్య.

అమ్మగారు తిట్టలేదు, గుడ్డ తెప్పించి మళ్ళీ కుట్టమన్నారు. ఈసారి కోయకముందే దాన్ని కాలవలో రెండుసార్లు ముంచి ఆరేశాను, ముడుచుకునేదేదో ముందే ముడుచుకోనీ అని; అప్పటికీ ధైర్యం చాలక, ముందంచు మడతలో నాలుగు వేళ్ళ గుడ్డ దాచి కుట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ టాపు దించడానికీ ఓ వరస ఉంది: ముందు కొక్కేలూ తర్వాత వెనక బొత్తాలూ విప్పాలి, టాపుని మోసే ఇనప కమ్మీల మధ్య నలగకుండా గుడ్డని చేత్తో బయటికి లాగాలి, వెనక ప్లాస్టిక్ అద్దం మీద తువ్వాలు పరవాలి, తడిగా ఉంటే అసలు మడవకూడదు. డ్రైవర్లు మారుతుంటారు, ఇదంతా కాగితం మీద రాసి కారులో పెట్టమన్నారు అమ్మగారు. నాకు రాయడం రాదన్నాను.

"రాకపోతే నేర్చుకో అబ్బాయ్. అప్పటిదాకా కొత్త డ్రైవరు వచ్చినప్పుడల్లా నువ్వే వచ్చి చెప్పాలి."

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళ వరండాలో పలక పట్టుకుని కూర్చునేవాణ్ణి, దారినపోయేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ అని. నా జన్మలో నేను మొదట రాసిన కాగితం ఆ టాపు మడిచే వరసే.

ఇప్పుడు ఆ కాగితం లేదు. తడిగా మడిచి ఏళ్ళతరబడి వదిలేసినట్టున్నారు, గుడ్డ మళ్ళీ ముడుచుకుపోయి అంతా బూజు మచ్చలు. మా ఆవిడ గుమ్మంలోంచే, "సూది బెజ్జమే ఆనదు, ఇంక కారు టాపేం బిగిస్తారండీ" అంది. సూదులు ఎక్కించి ఇమ్మని చిన్నకోడలికి చెప్పి, ముందంచు కుట్లు వేళ్ళతో తడుముకుంటూ విప్పాను. ఎండ తగలని ఆ నాలుగు వేళ్ళ గుడ్డ ముదురు నీలంగా, కొన్ననాటి రంగుతోనే ఉంది. అంచు మళ్ళీ కుట్టి, గుడ్డ వేడెక్కి సాగేదాకా ఎండలో ఆగి, టాపు లేపి లాగితే ఒక కొక్కెం పడింది, రెండోది పడలేదు.

"పోనీలెండి తాతగారూ, మీరు చెయ్యగలిగింది చేసేరు" అంది ఆ అమ్మాయి.

"ఆయ్, ఇంకా చెయ్యలేదండీ" అన్నాను.

కారులో కూర్చుని, కమ్మీని నెత్తితో పైకెత్తి పట్టుకుని, రెండు చేతులతో అంచుని ముందుకి లాగాను. మెడ పట్టేసింది గానీ కొక్కెం పడింది. అప్పటికప్పుడు కాగితం తెప్పించుకుని వరసంతా మళ్ళీ రాసిచ్చాను.

ఇప్పటి కార్లలో ఎవరూ తడవరు, అందుకు నాకేం బాధ లేదు. కానీ పెరిగే పిల్లల లాగులకైనా సరే, రేపటికి పనికొస్తుందని మడతలో గుడ్డ వదిలే చెయ్యి ఇప్పుడు ఎక్కడా కనపడటం లేదు. ఆ టాపులోనూ ఇంక మిగల్లేదు. నేను దాచిందంతా ఆ పూటతో ఖర్చయిపోయింది, మళ్ళీ చాలకపోతే లాగడానికి ఏమీ లేదు.

ఆ వేళ అక్కడున్నది డాక్టరు గారి మనవరాలు, సూదులు ఎక్కించిన మా చిన్నకోడలు, చివరిదాకా గుమ్మం దిగని మా ఆవిడ, నేను.