దుబాయి చెట్టు, మల్లవ్వ బాయి

కోరుట్లలో రోడ్డు మధ్యనున్న కోనోకార్పస్ చెట్లను నరికేస్తున్నారు. బస్సు కిటికీలోంచి ఆ పచ్చి కొమ్మల వాసన సోకగానే నా కుడి అరచేయి తాడు పట్టుకున్నట్టు బిగుసుకుంది. మిట్ట మధ్యాహ్నం. చుట్టూ పచ్చి గడ్డిపరక లేదు. ఆ చెట్లు మాత్రం అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి. మల్లవ్వ గుర్తొచ్చింది.

మేడిపల్లిలో నర్సరీ చూసుకునే ఉద్యోగంలో చేరినప్పుడు నాకు చదువుంది గానీ మొక్కల సంగతి తెలియదు. మల్లవ్వ అక్కడ కూలికి వచ్చేది. గుంట పొలం లేని మనిషి. కవర్లోని మట్టిలో వేలు పెట్టి, ఏ మొక్క బతుకుతుందో ఏది చస్తుందో చెప్పేది. ఏ కొత్త మొక్క వచ్చినా ఒకటే అడిగేది. "గిది ఎవల నీళ్లు తాగుతది బిడ్డా?"

"మనం పోసిన నీళ్లే అవ్వా" అని నవ్వేదాన్ని.

"మనం పోస్తె ఏదైనా తాగుతది. పోయకుంటె ఎవలయి తాగుతదని అడుగుతున్న."

ఆ ఏడు మా నర్సరీకి కోనోకార్పస్ వచ్చింది. ఉప్పునేలలో, ఇసుకలో, బండ్ల పొగలో, ఎక్కడ పెట్టినా బతికే జాతి. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. కత్తిరిస్తే గోడలా నిలబడి దుమ్మునూ వేడిగాలినీ ఆపుతుంది. కొమ్మలు పొయ్యిలోకి, బొగ్గుకి పనికొస్తాయి. గల్ఫ్‌లో ఎక్కడ చూసినా అదేనట, అందుకే మావాళ్లు దుబాయి చెట్టన్నారు. మావైపు బావిని బాయంటారు. బొంబాయి, దుబాయి, బొగ్గుగనుల బొగ్గుబాయి అని వలసపోయిన బతుకులను మూడు బాయిల్లో చెప్పేస్తారు. మల్లవ్వ భర్త రెండో బాయికి పోయాడు. అక్కడ ఈ చెట్లకే నీళ్లు పెట్టేవాడు. ఉన్నట్టుండి ఫోన్లు ఆగిపోయాయి. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

ఆ మొక్కను చూసి మాత్రం మల్లవ్వ తన ప్రశ్న అడగలేదు. "ఒక్కటియ్యి బిడ్డా. మా ఆయన చేతిల పెరిగిన చెట్టు" అంది. నేనే తీసుకెళ్లి ఆమె వాకిట్లో చేదబాయి పక్కన నాటాను. నీళ్లకు దగ్గరుంటే మంచిదని నా తెలివి. అంత తెలివితక్కువ పని మళ్లీ చేయలేదు.

మూడేళ్లకే ఇంటికప్పు దాటింది. దాని మీద పిట్ట వాలగా మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. గాలి లేకున్నా ఆకులు కదిలేవి. బాయి మాత్రం అడుగంటింది. ఒక మధ్యాహ్నం మల్లవ్వ లాగుతున్న చేద సగంలో ఆగిపోయింది.

"పట్టు బిడ్డా."

ఇద్దరం లాగాం. కింది నుంచి ఎవరో గుంజినట్టు తాడు రెండుసార్లు అదిరింది. పైకొచ్చిన చేదకు సన్నటి ఎర్రటి వేర్లు, తలవెంట్రుకల్లా చుట్టుకుని ఉన్నాయి. మల్లవ్వ బాయిలోకి వంగి "నువ్వేనా?" అంది. బదులు కోసం నిజంగానే ఆగింది.

ఆమెకు ఆ బాయి తప్ప వేరే నీళ్లు లేవు. చెట్టు కొట్టేద్దామంటే వినలేదు. నెలరోజులు పక్కవాడ నుంచి బిందెలు మోసింది. ఆమె తల మీద బిందె కనిపించినప్పుడల్లా నాకు సిగ్గుతో తల వాలిపోయేది. చివరికి ఒక పొద్దున గొడ్డలి పట్టుకుని నర్సరీకి వచ్చింది.

"నడువు, కొడదాం."

"అవ్వా, తప్పు నాదే..."

"నీదేం తప్పు? చెట్టుదేం తప్పు? నీళ్లు దొరికిన కాడికి వేరు పోతది. మనోళ్లు గూడ గట్లనే పోయిండ్రు." గొడ్డలి భుజానికెత్తి అంది. "కని అచ్చేటోడు తొవ్వెంట అస్తడు బిడ్డా. బాయిలకెల్లి రాడు."

మొదటి దెబ్బ ఆమే వేసింది. మోడు మళ్లీ చిగురించకుండా కింది వేర్లదాకా తవ్వించాం. తర్వాతి వానాకాలానికి బాయి నిండింది.

పోయినేడు మల్లవ్వ చనిపోయింది. దినాల రోజు వెళ్లి, దాహమై, ఆ బాయిలో చేద వేశాను. సగంలో ఆగింది. పాత వేరేదో మిగిలి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అంతలో తాడు రెండుసార్లు అదిరింది. "నువ్వేనా?" అనబోయి ఆగాను. ఆ ఆలుమగలిద్దరిలో ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియలేదు.

ఇప్పుడు మొక్క కోసం ఎవరొచ్చినా, చేతికిచ్చే ముందు ఆమె మాటే అడుగుతాను. "గిది ఎవల నీళ్లు తాగుతది?" వాళ్లు నవ్వుతారు. నా అరచేయి మాత్రం బిగుసుకునే ఉంటుంది.