గట్టు దాకా వెళ్ళిన బూట్లు

మా ఆయనకి షుగరు వచ్చిన కొత్తలో అన్నం తగ్గించడం, పొద్దున్నే నడవడం, మాత్ర మర్చిపోకుండా వేసుకోవడం అన్నీ ఇట్టే అలవాటు చేసుకున్నారు. చెబితే వినే మనిషే. విననిది చెప్పుల విషయం ఒక్కటే.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. చుట్టుపక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయాయి. మధ్యలో మా వరి చేను ఒక్కటే మిగిలింది. చెరువులవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఆయన ఇవ్వలేదు. ఆ చేలోకి ఆయన ఏనాడూ చెప్పులతో దిగలేదు. గట్టు మొదట్లో విప్పేసి, వంగి, కాస్త మట్టి కళ్ళకద్దుకుని అప్పుడు అడుగు పెట్టేవారు. మా మావగారూ అంతే. "అన్నం పెట్టే తల్లి మీద చెప్పులేసుకుని నడుస్తామా" అనేవారు. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది ఇప్పటికీ అలాగే చేస్తారండి.

ఏలూరులో మేం చూపించుకునే డాక్టరమ్మగారు ఓసారి ఆయన్ని కళ్ళు మూసుకోమన్నారు. సన్నటి నైలాన్ పోగు తీసుకుని, "అరికాలికి తగలగానే చెప్పండి" అన్నారు. ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకుని, ఎప్పుడు తగులుతుందా అని కూర్చున్నారు. ఆవిడ అప్పటికే పాదమంతా తాకడం అయిపోయింది.

"ఈ పాదాలకి నొప్పి తెలియడం లేదమ్మా. ఏం గుచ్చుకున్నా ఆయనకి తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. కడుక్కున్నాక వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. రోజూ అరికాళ్ళు చూడాలి. ఆయన వంగలేరు కాబట్టి మీరే చూడండి."

"మరి చేలోకి వెళ్తారండీ?" అన్నాను.

"చేలోకి బూట్లు లేకుండా వెళ్ళనే వద్దు."

ఆయన తలూపారు. బస్సెక్కాక, "పట్నంలో పుట్టిన మనిషి, ఆవిడకేం తెలుస్తుంది పాపం" అన్నారు. నేను మాత్రం ఆ పూటే బజార్లో రబ్బరు బూట్లు కొనిపించాను.

రోజూ సాయంత్రం వీధరుగు మీద, వెలుతురుండగానే, ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. మడమ పగుళ్ళకి కొబ్బరినూనె రాసి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకుండా వదిలేసేదాన్ని. ఎదురింటాయన నాకు మరిది వరస. ఓ రోజు అటుగా పోతూ ఆగాడు.

"ఏం వదినగారూ, మా అన్నయ్య రోజూ పాదపూజ చేయించుకుంటున్నాడా? పళ్ళెం, పసుపునీళ్ళు కూడా పెట్టుకోవలసింది."

"నువ్వూ వచ్చి చాపు, మీ ఆవిడని పిలుస్తాను. చీపురు తెస్తుంది" అన్నాను.

పక్క అరుగుల మీదున్నవాళ్ళతో సహా అందరం నవ్వాం. మా ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు. మర్నాటి నుంచి అడిగినప్పుడల్లా, "నేనే చూసుకున్నాలేవే" అనడం మొదలుపెట్టారు. వంగి చెంబు అందుకోవడానికే ఆయాసపడే మనిషి అరికాలు ఎలా చూసుకుంటారు? అడిగితే విసుక్కునేవారు. బూట్లంటారా, పొద్దున్నే వేసుకుని వెళ్ళేవారు, వేసుకునే తిరిగొచ్చేవారు. గట్టు మొదట్లో అవి ఆయన కోసం కూర్చునేవని నాకు తర్వాత తెలిసింది.

నాట్లయిన తర్వాత ఓ ఉదయం గచ్చు తుడుస్తున్నాను. తుడిచిన చోట ఆయన నడిచి వెళ్తే, అడుగడుక్కీ ఒకే పక్కన జిగురుగా మరక పడుతోంది. నీళ్ళేమో అనుకుని వేలితో తాకి వాసన చూశాను.

"ఏవండీ, ఒక్కసారి కాలెత్తండి."

బొటనవేలి కింద చర్మం తెల్లగా నానిపోయి, నడుమ నల్లటి గుంట పడింది. అందులో నత్తగుల్ల పెంకు ఇరుక్కుని ఉంది. మా చేల బురదలో అవి బ్లేడు ముక్కల్లా ఉంటాయి. దాని చుట్టూ చీము.

"ఎప్పుడు గుచ్చుకుందండీ?"

"ఏం గుచ్చుకుంది?" అన్నారాయన. నిజంగానే అడిగారు.

ఏలూరు తీసుకెళ్ళేసరికి విషం ఎముక దాకా వెళ్ళిపోయింది. ముందు వేళ్ళు తీశారు. అది ఆగలేదు. మోకాలి కింద దాకా తీసేశారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు ఆయన నా చెయ్యి పట్టుకుని, "నొప్పి పుట్టినా బాగుండేదే" అన్నారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మగారు రెండో కాలికి మెత్తటి బూటు ఇప్పించి, ఇక బరువంతా ఆ కాలి మీదే కాబట్టి మంచం మీద తప్ప విప్పద్దన్నారు. "ఈ కాలైనా నిలుపుకోండి" అన్నారు.

ఇప్పుడు నేను పిలవక్కర్లేదండి. పొద్దు వాలకముందే ఆయనే అరుగు మీద కూర్చుని కాలు చాపుతారు. ఎవరు పోతున్నా ముడుచుకోరు. నేను పాదం చూస్తుంటే ఆయన నా మొహం చూస్తుంటారు.

కోతలప్పుడు చేను చూస్తానంటే ఆటోలో తీసుకెళ్ళాను. గట్టు దగ్గర ఆటో ఆగింది. చంక కర్రలు అందించాను. ఆయన తీసుకోలేదు.

"దిగరా?"

"విప్పితే నువ్వు ఊరుకోవు. వేసుకుని నేను దిగలేను."

ఆటోలో కూర్చునే చేనంతా చూశారు. తిరిగి వస్తుంటే, చెరువువాళ్ళకి కబురు పెట్టమన్నారు. నేను వద్దనలేదు.

ఇప్పుడక్కడ తవ్వే మిషను తిరుగుతోంది. ఆ చప్పుడు మా అరుగు దాకా వినిపిస్తుంది. నిన్న సాయంత్రం పాదం చూస్తుంటే మడమ పక్కన చర్మం ఎర్రగా కనిపించింది. వేలు పెడితే వెచ్చగా తగిలింది.

"ఏముంది?" అన్నారు.

"ఎర్రబడిందండీ. పొద్దున్నే ఏలూరు వెళ్దాం."

నేను లేచి సంచీ సర్దాను.