వార్తాపత్రిక మీద కీర్తన

ఈ సంగతి జరిగిన రోజుల్లో నేను రాయలేకపోయాను. అప్పటికి నాకు ఒత్తులు రావు. పేరు రాసేదాన్ని, రేషన్ కొట్టు బోర్డు కూడబలుక్కునేదాన్ని, అంతే. ఒత్తులు లేకుండా ఒక్క వాక్యమూ ముందుకు నడవదు. ఇప్పుడు నడుస్తోంది, నిదానంగా.

ఉదయగిరి దగ్గర మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, ఊరికి ఏదైనా సేవ చేయాలని, మాలాంటి వాళ్లకు చదువు చెప్పడానికి పూనుకున్నారు. సాయంత్రం బడి వదలగానే చర్చి వరండాలో చాపలు పరిచేవాళ్లు. వాళ్లకు పెద్ద మా వీధి చివరింటి పిల్ల. "ఏందవ్వా, నిన్న చెప్పింది అన్నంతో పాటు మింగేసినావా?" అని అదిలించేది. మేము నవ్వేవాళ్లం.

నా పక్కన మా వదిన కూర్చునేది, మా ఆయనకు అక్క. ఆమె కళ్లకు పొర కమ్మింది. పలక మీద అక్షరం ఆమెకు ఒక తెల్లటి మరక. ఆత్మకూరులో కంటి డాక్టరుకు చూపిస్తానని కొడుకు అంటూనే ఉన్నాడు. ప్రతిసారీ "కోతలు కానీమ్మా" అనేవాడు. పిల్లలకు చెబుదామంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పబాకే. చూపు లేనిదానికి చదువేందని ఇంటికి పంపిస్తారు. నేను మనుషుల్లో ఉండేది ఈ కాసేపే."

పలక మీదున్నది నేను ఆమె చెవిలో గొణిగేదాన్ని, ఆమె గట్టిగా పలికేది. తెలిసిన మాటలైతే తొందరగా పట్టుబడతాయని పిల్లలు చర్చిలో చదివే కీర్తనల పుస్తకం తెచ్చిచ్చారు. అందులో మాతో చదివించింది చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం విన్న కీర్తనే. వదిన పుట మీద వేలు జరుపుతూ ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. అందరికంటే ముందు ఆమెకే చదువొచ్చిందని బడంతా చెప్పుకున్నారు.

మా చదువు చూడ్డానికి ఆత్మకూరు నుంచి అధికారి వచ్చిన రోజు కుర్చీలు వేసి, మైకు పెట్టారు. ఆ పిల్ల అందరికంటే ముందు వదిననే పిలిచింది. వదిన ధైర్యంగానే లేచింది, పుస్తకం ఎటూ చేతిలోనే ఉంది. అధికారి మంచిగానే అన్నాడు, "అది రోజూ చదివేదే కదమ్మా, ఇది చదవండి" అని తన దగ్గరున్న వార్తాపత్రిక ఆమె చేతిలో పెట్టాడు.

నేను రెండో వరసలో ఉన్నాను. అక్కడి నుంచి గొణిగినా వినపడదు. కుర్చీలోంచి సగం లేచాను. లేచి ఏం చెప్పాలి? చెబితే ఆమె దాచుకున్నది బయటపడుతుంది, చెప్పకపోతే ఆమె నవ్వులపాలవుతుంది. మళ్లీ కూర్చున్నాను.

వదిన కాగితాన్ని వేళ్లతో తడిమింది. తర్వాత వార్తాపత్రిక మీద వేలు పెట్టి, అదే కీర్తన మొదలుపెట్టింది.

"ఏందిరా, పేపర్లో కూడా అదే పడిందా?" అన్నారు వెనక ఎవరో. నవ్వులు లేచాయి. వదిన ఆపలేదు. చివరి మాట దాకా చెప్పి, పత్రిక మడిచి, అధికారి లేని వైపు చాచింది. ఆయనే రెండడుగులు పక్కకు జరిగి తీసుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది.

"అవ్వా, ఆమెకు కనపడదా?"

నేను తలూపాను.

"నాకు చెప్పుంటే గోడంత పెద్దగా ఒక్కో అక్షరం రాసేదాన్ని కదా," అని చున్నీతో మొహం తుడుచుకుంది. గోడంత రాసినా కనపడేదో లేదో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున వదిన ఇంటికి వెళ్లాను. వాకిట్లో గోడ వైపు తిరిగి కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. అడుగుల చప్పుడుకే నన్ను పోల్చింది.

"సాయంత్రం నేను రాను. నువ్వు పో," అంది.

"ఆత్మకూరుకు పోదాం రా వదినా, నేను తీసుకుపోతా."

"నీకే బోర్డులు సరిగ్గా రావు. నువ్వు యాడికి తీసుకుపోతావే నన్ను?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. లోపల కొడుకు నిద్ర లేచి, కోతకు మనుషులు దొరకలేదని ఎవరినో ఫోన్లో తిడుతున్నాడు.

నేను ఆమె పక్కన కూర్చుని, చాట ఇద్దరి మధ్యకు లాక్కుని, కాయలు ఒలిచాను.