పెద్దబాపు బీరువాలో మా తాళంచెవి

కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లకు కంప్యూటర్ గురించి అంతా తెలుసని మా ఊళ్లో గట్టి నమ్మకం. నేను రోజూ మొయినాబాద్‌లో బస్సెక్కి పట్నంలో ఒక ఆఫీసుకు వెళ్లొచ్చేదాన్ని. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు చెప్పింది చెవిలో వింటూ టైపు చేయడమే నా పని. మా బాపు దృష్టిలో మాత్రం నేను ఇంజనీర్లకు ఇంజనీర్‌ని. అందుకే ఆ వ్యవహారం నా నెత్తిన పడింది.

మా చేను పక్కనుంచి ఒక వాగు గండిపేట చెరువు వైపు పోయేది. భూముల రేట్లు మండిపోయి, ఎక్కడ చూసినా ఫాంహౌస్‌లు లేస్తున్న రోజులవి. బాపు సొంత అన్న, అంటే మా పెద్దబాపు, వాగు అవతల తన భూమిని ప్లాట్లు చేస్తూ వాగులో మట్టి పోయించాడు. వానొస్తే నీళ్లకు దారి లేక మా చేలోకి మళ్లాయి. క్యారెట్ పంటంతా కుళ్లిపోయింది. బాపు మెల్లగా చెప్పి చూశాడు. "జర ఓపిక పట్టు తమ్మీ, తూములు ఏపిస్త" అనేవాడాయన. తూములు రాలేదు. ఆయన మాజీ సర్పంచి, మండల ఆఫీసులో ఆయన మాటకు ఎదురు లేదు. పేపర్‌లో వస్తే తప్ప ఆ మట్టి కదలదు. చెప్పింది బాపు అని తెలిస్తే ఒకే వాకిలి ఉన్న మా రెండిళ్ల మధ్య గోడ లేస్తుంది. తాత పోయాక తనను పెంచిన అన్నను వదులుకోవడం బాపు వల్ల కాదు. చేను వదులుకోవడమూ కాదు.

నగరంలో ఒక పత్రికలో పనిచేసే విలేకరి ఆవిడకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. మామూలు మెయిల్ వద్దు, తాళం వేసి పంపమంది. దానికో ప్రోగ్రాం ఉందట. అందులో రెండు తాళంచెవులు తయారవుతాయట. ఒకటి అందరికీ ఇచ్చేది, రెండోది ఎవరికీ ఇవ్వకూడనిది. నేను ఊ కొట్టాను. ఫోన్ పెట్టేశాక ఏది దేనితో వేసి దేనితో తీయాలో అంతా కలగాపులగమైపోయింది.

"అందరికిచ్చేటిది తాళంచెవి ఎట్లయితది బిడ్డా?" అన్నాడు బాపు.  అది నాకిప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

ఇద్దరం మొయినాబాద్‌లో ఇంటర్‌నెట్ సెంటర్‌కు వెళ్లాం. కొత్త మెయిల్ ఐడీకి పేరేం పెడదామంటే బాపు తన పేరూ ఇంటిపేరూ కలిపి చెప్పాడు.

"మన పేరు తెల్వద్దనే గద బాపూ ఈ తిప్పలంత?"

"తాళమేస్తున్నవ్ గద. ఇగ పేరుంటేంది?"

నిజమే కదా అని నాకూ అనిపించింది. మాటను దాచడం వేరు, మనిషిని దాచడం వేరు అన్నది నాకింకా తలకెక్కలేదు. చివరికి ఏదో పువ్వు పేరు పెట్టాను. ఆవిడ చెప్పిన ప్రోగ్రాంతో తాళం వేయగానే లోపల రాసిందంతా పిచ్చి అక్షరాలుగా మారిపోయింది. పైన సబ్జెక్ట్ దగ్గర మాత్రం మా ఊరు, మా సర్వే నంబరు శుభ్రంగా కొట్టి పంపేశాను. మర్నాడు ఫోన్లో ఆవిడ నెత్తి కొట్టుకుంది. "కవరు అంటించేసి కథంతా పైన రాస్తారా అండీ!"

ఎవరికీ ఇవ్వకూడని తాళంచెవిని ఫ్లాపీలో పెట్టుకుని, సెంటర్ కంప్యూటర్లోంచి చెరిపేశాను. నిజంగా చెరిగిందో లేదో దేవుడికే తెలియాలి. అది పోతే తనేం రాసినా మేం చదవలేమని, ప్రాణంలా దాచుకోమని ఆవిడ హెచ్చరించింది. ఇంటికొచ్చి మా అమ్మ చేతిలో ఫ్లాపీ పెట్టి అదే మాట చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. చెబితే ఏడుస్తుందని భయం.

ఆవిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. తెరవాలంటే ఫ్లాపీ కావాలి.

"అవ్వా, అది ఏడ పెట్టినవే?" అని అమ్మనడిగాను.

"పానం లెక్క దాసిపెట్టుమంటివి గద. పెద్దబాపు బీరువల పెట్టిచ్చిన."

మా రెండిళ్లకూ ఇనప బీరువా ఒకటే. మా పాసుబుక్కులు, అమ్మ బంగారం, నా సర్టిఫికెట్లు అన్నీ తాత కాలం నాటి అలవాటు ప్రకారం అందులోనే ఉండేవి. అమ్మ తప్పు ఇసుమంతైనా లేదు.

 పెద్దబాపు ఇంట్లో కంప్యూటరే లేదు. ఉన్నా, తాళంచెవికి నేను పెట్టిన పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫ్లాపీ ఎందుకూ కొరగాదు. అది తెలిసీ భయం తగ్గలేదు. దొంగ చేతికే తాళమిచ్చామే అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని చిల్కూరు తిప్పిన మనిషిని దొంగ అనుకున్నానా?

బాపు వెళ్లి అడిగాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. పెద్దబాపు బీరువా తీసి, ఫ్లాపీని తువ్వాలతో తుడిచి ఇచ్చాడు.

"బిడ్డ ఆఫీసుదా? దుమ్ము పడితె ఖరాబైతదంట. పైలం."

అందులో ఏముందని అడగనే లేదు.

పేపర్‌లో వార్త వచ్చింది. మా పేరు ఎక్కడా లేదు. అధికారులు వచ్చి మట్టి తీయించారు. పెద్దబాపు వాకిట్లో నిలబడి, పేపర్‌కు చెప్పినవాణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టాడు. ఆ తరాల్లో తన తాతముత్తాతలే ఉన్నారని ఆయనకు తెలియదు. బాపు పక్కనే చాయ్ గ్లాసు పట్టుకుని విన్నాడు. చేలోంచి నీళ్లు పోయాయి, గుట్టు దాగింది, అనుకున్నదంతా జరిగింది. మరి బాపు ముఖం ఎందుకలా పాలిపోయిందో నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు బాపు చేవెళ్ల పోయి ఒక ఇనప పెట్టె కొనుక్కొచ్చాడు. ఎవరి మీద పేపర్‌కు చెప్పాడో ఆ మనిషి బీరువాలోనే తన సొమ్ము ఉంచడం ఆయనకు మింగుడుపడలేదు. తల దించుకుని, "అన్నా, మా సామాన్ మేం తీస్కపోతం" అన్నాడు.

పెద్దబాపు ఒక్కొక్కటీ తీసి పెట్టెలో సర్దాడు. అంతా అయ్యాక అడిగాడు.

"నా మీద నమ్మకం పోయిందార తమ్మీ? ఎన్నడన్న నీ మూట ఇప్పి సూసిననా?"

"అట్లేం లేదన్నా" అన్నాడు బాపు. ఇంకొక్క మాట చెప్పినా అన్నీ చెప్పాల్సి వచ్చేది.

పెట్టె బరువుగా ఉంది. బాపు ఒక్కడే ఎత్తబోతుంటే పెద్దబాపు వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. వాకిలి దాటించి, మా ఇంట్లో మంచం కిందికి తోసి, మంచినీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయాడు.