గజం మేకులు, మీటరు చీటీ

గాయాలకు కట్టే గుడ్డను మడిచి ప్యాకెట్లు చేసే షెడ్డులో పద్నాలుగేళ్లు పనిచేశాను. తమిళనాడులో మా రాజపాళయం చుట్టుపక్కల అలాంటి షెడ్లు చాలా ఉన్నాయి. మా బల్లకు రెండు మేకులు కొట్టి ఉండేవి. గుడ్డను ఈ మేకు నుంచి ఆ మేకు దాకా లాగితే ఒక మడత. పద్దెనిమిది మడతలు ఒక ప్యాకెట్. లోపల అచ్చు వేసిన చీటీ పెట్టి, కట్టిన మనిషి దాని మీద చేవ్రాలు చేయాలి.

మొదట్లో వేలిముద్ర వేసేదాన్ని. యాభై దాటాక సాయంత్రం బడికి పోయి ముందు తమిళం, తరువాత తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి చీటీ మీద నా పేరు రాసేదాన్ని. నాకు ఒక్కో పేరుకు పట్టే సమయంలో పక్కామె రెండు ప్యాకెట్లు కట్టేది. అయినా మానలేదు.

ఒకరోజు టీచరమ్మ కుట్టుపనివాళ్ల టేపు తెచ్చింది. ఒక వైపు అంగుళాలు, తిప్పితే సెంటీమీటర్లు. పన్నెండు అంగుళాలు అడుగు, మూడడుగులు గజం అని మా చేతనే కొలిపించింది. ముప్పై ఆరో అంగుళం మీద వేలు పెట్టి వెనక్కి తిప్పమంది. అక్కడ తొంభై ఒకటిన్నర కూడా లేదు.

"గజం అనేది పాత పేరు, మీటరు అనేది కొత్త పేరు, అంతే గదా టీచర్?" అన్నాను. మా వీధిలో అందరమూ అలాగే అనుకునేవాళ్లం.

"మీటరంటే నూరు. మిగిలిన ఎనిమిదిన్నర ఎక్కడికి పోయినాది మరి?" అంది ఆమె.

మరునాడు ఆ టేపు అడిగి తీసుకుపోయి మేకుల మధ్య పెట్టాను. సరిగ్గా ముప్పై ఆరు అంగుళాలు. చీటీ తీసి, నా పేరుకు పైనున్న వరుసను మొదటిసారి కూడబలుక్కుని చదివాను. పద్దెనిమిది మీటర్లు అని ఉంది. ప్యాకెట్‌కు ఒకటిన్నర మీటరు తక్కువ. కింద నా పేరు. ఆ చీటీ పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి పోయాను.

ఆయన వడ తింటున్నాడు. నూనె వేళ్లతోనే చీటీ అందుకున్నాడు.

"మేకు జరపండి తంబీ. లేకుంటే చీటీలో గజం అని వేయండి."

"మీకు చదువు వచ్చినాది అక్కా, మాకు తలనొప్పి వచ్చినాది. డాక్టరు టేపు పెట్టుకొనా కట్టు కడతాడు? సుమ్మా, ఊరికే చేవ్రాలు పెట్టండి."

"నేను పెట్టను."

"సరి, పెట్టవద్దు."

దిగివచ్చాడనుకున్నాను. మూడు రోజులకు ఒక రబ్బరు స్టాంపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద నా పేరు.

"ఎవరి పేరో ఒకటి ఉండాల గదా. ఇంక మీ చేతికి శ్రమ లేదు."

పక్కామె దాన్ని ఊదారంగు సిరాలో అద్ది టకటకా గుద్దసాగింది. "మీ పేరు అచ్చులో వచ్చినాది అత్తా, మిఠాయి ఎప్పుడు?" అని నవ్వింది కూడా. ఆ స్టాంపు నాకిచ్చేయమని అడిగాను. అది కంపెనీ సొత్తు అన్నాడు. ఆ పూటే పని మానేసి వచ్చాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

పోయిన నెల మా ఆయన కాలికి షుగరు పుండు లేచింది. కట్టు గుడ్డకు మందుల షాపుకు వెళ్లాను. ప్యాకెట్ కవరు లోపల, కాస్త వంకరగా, నా పేరు.

"వేరేది లేదా?"

"అన్నీ అదే అమ్మా. మంచి సరుకు."

పుండు ఆగదు గనుక తెచ్చాను. చీటీ నాలుగు ముక్కలు చేసి మురికినీళ్లలో వేశాను. కట్టు కడుతుంటే ఆయన, గుడ్డ మెత్తగా ఉంది, ఇదే తెస్తూ ఉండు అన్నాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నా ఆ పూట అన్నం కలుపుకోబుద్ధి కాలేదు.