టీ కొట్టు సీరియల్, నాలుగు మడతల బీడీ

“ప్రపంచమంతా చూసింది నాది. నీ టీ కొట్టు సీరియల్ మన బిల్డింగుల ఎవరన్న చూసిన్రా?” అన్నది పెద్దది.

“చూసుడు వేరు, మార్చుడు వేరు అక్కా. ఎంతమంది చూసిన్రని అడుగుతలేరు. పరిశ్రమను ఏది మార్చిందని అడుగుతున్నరు,” అన్నది చిన్నది.

“ఎవరూ చూడంది ఎవర్ని మారుస్తదే?”

ఇద్దరూ నా కొడుకు బిడ్డలు. గల్ఫ్‌లో, బౌషర్‌లోని మా ఫ్లాటుకు రెండు ఏసీలున్నా, నేనున్నంతసేపు నడిచేది ఒక్కటే. కొట్లాడుకోవాలన్నా ఒకే గదిలో కొట్లాడుకోవాలి. అందుకే ఆ గురువారం సాయంత్రం జపానోళ్ల బొమ్మల సీరియళ్ల పంచాయితీ అంతా నేను వినాల్సి వచ్చింది. అనిమే అంటారు వీళ్లు. తెల్లారి అజైబాలో మనవాళ్ల సంఘం పిల్లలకు వాదన పోటీ పెట్టింది. గడిచిన పదేళ్లలో ఆ పరిశ్రమను అన్నిటికంటే ఎక్కువ మార్చిన సీరియల్ ఏదో స్టేజీ మీద చెప్పాలి. వినేవాళ్లు చేతులెత్తి గెలిచినవాళ్లను తేల్చాలి.

పెద్దదానిది కత్తుల కథ. గాల్లోకి ఎగురుతారు, అరుస్తారు, కొండలు పగులుతాయి. చిన్నదానిది ఒక ముసలమ్మ టీ కొట్టు నడుపుకునే కథ. అది నేనూ కొంచెం చూశాను. సగంసేపు వాన పడుతుంది, ఒక్కరూ నోరు తెరవరు. కరెంటు దండగని బంద్ చేయించాను.

“నీ కత్తుల సీరియల్ల రెండో భాగం యాద్ చేసుకో,” అన్నది చిన్నది. “యుద్ధానికి ముందు వాన పడతది. ఎవడూ మాట్లాడడు. మొదటి భాగంల అట్లుండెనా? ఎక్కడ నేర్చుకున్నరు?”

కూరకు ఒలుస్తున్న చిక్కుడుకాయ నా చేతిలోనే ఆగిపోయింది.

ఎందుకంటే నాకు మా వాడ గుర్తొచ్చింది. పెళ్లికి ముందూ తర్వాతా నేను బీడీలు చేసినదాన్నే. వాడలో అందరికంటే ఎక్కువ చేసేది నేను. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకుపోయే ఠేకేదారు నిండిన నా చాట చూపించి మిగతావాళ్లను తిట్టేవాడు. అప్పుడు ఒకామె కొత్త కోడలుగా వచ్చింది. చెయ్యి నిదానం. నేను చేసినదాంట్లో సగం కూడా చేసేది కాదు. కానీ మేము బీడీ మూతికి రెండు మడతలు పెడితే ఆమె గోటితో నాలుగు పెట్టేది. తంబాకు రాలేది కాదు. ఒక్క వానాకాలం తిరిగేసరికి వాడలో అన్ని చేతులూ నాలుగు మడతలే పెట్టాయి. నా చెయ్యి కూడా. ఎక్కువ చేసింది నేను. నా దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకోలేదు.

ఈ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. మత్రాలో బట్టల దుకాణమాయన ఇచ్చిన పాత క్యాలెండరు కాగితం దాచిపెట్టుకున్నాను, దాన్ని బీడీ ఆకులా కత్తిరించి, వాడేసి ఎండబెట్టిన టీ పొడి పోసి, రెండు మడతలది ఒకటి, నాలుగు మడతలది ఒకటి చుట్టాను. చిన్నది రెండూ తలకిందులు చేసి చూసింది. మొదటిది రాలింది.

“బాపమ్మా, రేపు ఇదే చెప్త!” అన్నది.

అప్పుడే నా కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. సంగతి విని చెప్పులు విప్పడం కూడా మరిచాడు.

“బీడీల ముచ్చట అక్కడ తియ్యకుండ్రి. మా కంపెనీ పెద్దోళ్లు వస్తరు. బిడ్డా, అందరికీ నచ్చింది చెప్పు. లేకుంటే పేరు తీసెయ్.”

చిన్నదాని మొహం మాడిపోయింది. కాగితం బీడీలు వెనక దాచుకుంది.

“ఎందుకు తీస్తది పేరు?” అన్నాను. “దొంగతనం చేసినమా? నువ్వు పలక మీద దిద్దింది నా చాట పక్కన కూసోనే. అప్పుడు సిగ్గు కాలే?”

“అప్పుడెవరు చూసిన్రు అవ్వా?” అన్నాడు కొడుకు.

“నేను చూసిన. నీకు పెద్దోళ్లు కావాలె, నేను లెక్కల లేనా? రేపు నేనొస్త. ముందు కుర్చీల కూసుంట. అది బీడీ అనే అంటది, ఎవడు నవ్వుతడో నేను జూస్త.”

“ఓడిపోతది అవ్వా.”

“ఓడిపోనీ. ఒకరి మాట అప్పు తెచ్చుకొని గెలిచేదానికంటే నయం.”

తెల్లారి అందరం పోయాం. పెద్దది బాగా మాట్లాడింది, చప్పట్లు మోగాయి. తర్వాత చిన్నది స్టేజీ ఎక్కింది. కాగితం బీడీ పైకెత్తి, “ఇది మా బాపమ్మ చేసిన పని,” అన్నది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. నేను తిరిగి చూశాను. నవ్వు ఆగింది.

చేతులు ఎత్తమంటే హాలు దాదాపు అంతా పెద్దదానికే ఎత్తింది. చిన్నదానికి ఐదు చేతులు. ఒకటి నాది. లెక్కబెట్టేటాయన చాలు దించమ్మా అన్నదాకా దించలేదు. నా కొడుకు ఎవరికీ ఎత్తలేదు. బయటికి మాత్రం పోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో, గెలిచిన పెద్దది బహుమతి చుట్టిన కాగితం చింపి, నాలుగు మడతలు ఎట్లా పెట్టాలని చెల్లెను అడిగింది. ఇద్దరూ చుట్టారు. మూతి వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ చుట్టమన్నాను.