ఎనభై ఏడో నంబరు కథకు బొమ్మ

ఉత్తరం వచ్చిన రోజు ఆమె దాన్ని మూడుసార్లు చదివి భర్త చేతికిచ్చింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. దేన్నయినా మూత విప్పి లోపలి తీగలు చూస్తే గాని నమ్మడు. ఆమెకు సొంత మేనబావ. పెళ్ళయి పన్నెండేళ్ళయినా 'బావా' అనే పిలుస్తుంది.

"ఫీజెంత?" అన్నాడు.

"ఫీజేం లేదు."

"మరి వాళ్ళకేంటి లాభం?"

"కొత్తవాళ్ళని వెతుకుతారట బావా. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాసేవాళ్ళకి ఒక పోటీ, వాటికి బొమ్మలేసేవాళ్ళకి ఇంకో పోటీ. గెలిచిన కథలూ బొమ్మలూ కలిపి పుస్తకం వేస్తారు. నా మూడు బొమ్మలు చూసి ఆఖరి పన్నెండుమందిలోకి తీసుకున్నారు."

"పోయిన వస్తువుల్ని వెతుకుతారు గానీ మనుషుల్ని ఊరికే ఎవరు వెతుకుతారే?"

మర్నాడు అతను ఉత్తరంలో ఉన్న నంబరుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. పొద్దున తన ఫోన్ నుంచి, మధ్యాహ్నం పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి. రెండోసారి అవతలి ఆవిడ, "మీరు పొద్దున చేసినవారే కదండీ?" అన్నది. అప్పుడు కాస్త నమ్మాడు.

ఆమె పెట్టుడు కళ్ళకు రంగులు వేస్తుంది. ఆ పనిలోకి తండ్రి వల్ల వచ్చింది. లేత్ మిషను మీద పనిచేస్తుండగా ఇనుప రజను ఎగిరి ఆయనకు ఒక కన్ను పోయింది. పెట్టుడు కన్ను కొలతకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న పంతొమ్మిదేళ్ళ పిల్ల, "ఇది మా నాన్న కన్ను కాదండీ. ఆయన తెల్లగుడ్డులో కొంచెం పసుపుంటుంది" అన్నది. కళ్ళు చేసే మాస్టారు బ్రష్షు ఆమె చేతికిచ్చాడు. అది జరిగి పదహారేళ్ళు.

తెల్లగుడ్డు పని ఆమెది. ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి, నరాలుగా పరిచి అంటిస్తుంది. నల్లగుడ్డు మాత్రం మాస్టారిదే. చిన్న బిళ్ళ మీద వెంట్రుక కంటే సన్నని గీతలు, పొర మీద పొర. మర్నాడు పొద్దున ఆ బిళ్ళను తెల్లగుడ్డులో పొదిగి, పైన అద్దంలాంటి పూత పోస్తారు. ఎవరూ పట్టి చూడని కన్నే మంచి కన్ను. అందుకే ఆమె పనిని ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. ఒక పుస్తకంలో, ఒక బొమ్మ కింద తన పేరు అచ్చయితే చూసుకోవాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. ఈ కోరిక సంగతి బావకు కూడా చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పలేదు. ఎనిమిది నెలలుగా మాస్టారి చెయ్యి వణుకుతోంది. గీతలు లావయ్యాయి, అంచులు దాటుతున్నాయి. ఆయన నాలుగింటికి ఇంటికి వెళ్ళాక, బ్రష్షులు కడిగే నెపంతో ఆమె ఐదింటిదాకా ఉండి ఆ బిళ్ళలన్నీ దిద్దుతోంది. ఆమెను ఎవరూ దిద్దమనలేదు, దిద్దిన సంగతి ఎవరికీ తెలియదు. కనీసం ఆమె అలా అనుకుంది.

వారం తర్వాత పోటీవాళ్ళ దగ్గర నుంచి కథ వచ్చింది. రాసినవాళ్ళ పేరు లేదు. పైన 87 అని ఒక్క అంకె. ఆఖరి సన్నివేశానికి నెలలోపు ఒక బొమ్మ వెయ్యాలి.

ఆ కథలోని దేశంలో పెట్టుడు కళ్ళకు చూపుంటుంది. రంగు ఆరాక కన్ను మొట్టమొదట ఎవరి ముఖం చూస్తే ఆ ముఖాన్ని ఎప్పటికీ మరిచిపోదు. అందుకని కళ్ళు చేసే ముసలాయన వాటిని గోడవైపు తిప్పి పెడతాడు. ఆయన వెళ్ళాక శిష్యురాలు వాటిని ఒక్కొక్కటే తనవైపు తిప్పుకుని, బ్రష్షు మొనను కింది పెదవికి అద్దుకుంటూ దిద్దుతుంది. కొన్నాళ్ళకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆమెను వీధిలో ఆపి, మిమ్మల్ని ఎక్కడో చూశామండీ అంటుంటారు. ముసలాయనకు అలా తెలుస్తుంది. 'ఆమె నా దగ్గర పని నేర్చుకోలేదు. నా చేతిని కాస్త కాస్తగా దొంగిలించింది' అనుకుంటాడు. చివర్లో రంగు వెయ్యని తెల్లకన్ను ఒకటి నల్లగుడ్డ మీద పెట్టి, ఆమె ముట్టుకుంటుందేమో చూడటానికి తలుపు వెనక నిలబడతాడు.

ఆమె కాగితాలు బోర్లించింది.

కళ్ళ కథ తన దగ్గరికి ఎందుకొచ్చిందో అర్థమవుతూనే ఉంది. దరఖాస్తులో వృత్తి ఏమిటని అడిగితే రాసింది మరి. పట్టుదారం, పూత లాంటివి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. బ్రష్షును పెదవికి అద్దుకోవడం దొరకదు. అది ఆమె చెడ్డ అలవాటు. దిద్దడమన్నది అసలే దొరకదు.

కవరులో నియమాల కాగితం కూడా ఉంది. 'ఈ కథ ఎవరు రాశారో తెలిసినా, తెలుసని గట్టిగా అనిపించినా, బొమ్మ పంపకముందే మాకు చెప్పాలి. చెబితే కథకు నష్టం లేదు, దాన్ని ఇంకొకరికి ఇస్తాం. మీరు మాత్రం ఈ ఏడాదికి తప్పుకోవాలి. చెప్పకుండా పంపి, తర్వాత బయటపడితే ఇద్దరినీ తీసేస్తాం.'

ముందు ఇంట్లోనే అడిగింది. "నువ్వేమైనా కథలు రాస్తావా బావా?"

"నెలకోసారి రాస్తాను. లిఫ్టు బాగైందని."

తర్వాత రిసెప్షన్ అక్క. వర్క్‌షాపు గుమ్మంలోనే ఆవిడ బల్ల. వచ్చేపోయేవాళ్ళు ఆవిడ కళ్ళు కప్పి పోలేరు.

"అక్కా, నేను సాయంత్రాలు ఆగిపోతానని ఎవరితోనైనా అన్నావా?"

"నేనెందుకంటానే? నాలుగు బ్రష్షులు కడగడానికి గంట పడుతుందని నమ్మే పిచ్చిదాన్ననుకున్నావా? ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నావనుకున్నా."

"ఎవరితో?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా."

"నువ్వెప్పుడైనా కథ రాశావా?"

"నా కథ చెబితేనే వినే దిక్కు లేదు. ఇంక రాయడం కూడానా?"

ఆమెకు అప్పుడు పోటీ ప్రకటన గుర్తొచ్చింది. ఆ కాగితానికి ఒక వైపు బొమ్మలవాళ్ళ నియమాలు, రెండో వైపు రచయితల నియమాలు. ఇంతవరకు ఏదీ అచ్చుకాని కొత్తవాళ్ళకే, వయసుతో పని లేదని ఉంది. వర్క్‌షాపు బీరువా తలుపుకు తను అంటించిన ఆ కాగితం పదిరోజుల్లో మాయమైంది. ఊడ్చి పారేశారనుకుంది. అదేమైందో చూశావా అని అక్కనే అడిగింది.

"అదా? మాస్టారు మడిచి జేబులో పెట్టుకున్నారుగా. బిల్లేమో అనుకున్నా" అన్నది అక్క.

ఆ రోజు నుంచి ఆమె మాస్టారిని కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆయనకు అరవై మూడు. మాట తక్కువ. ఎవరినీ పొగడడు, తప్పు కనిపిస్తే మాత్రం ఊరుకోడు. గోడ మీద క్యాలెండరు వంకరగా ఉంటే, అది పరాయివాళ్ళ ఇల్లయినా సరే, లేచి సరిచేస్తాడు. ఇప్పుడు ఆయన మాట్లాడకపోవడం కూడా ఆమెకు వేరేగా వినిపిస్తోంది. వెళ్ళేటప్పుడు "బ్రష్షులు కడిగి వెళ్ళు అమ్మాయ్" అంటాడు. పదహారేళ్ళుగా అంటున్న మాటే. అందులో ఎత్తిపొడుపు ఉందా?

ఒక మంగళవారం ఆయన వెళ్ళాక చూస్తే బల్ల మీద నల్లగుడ్డ, దాని మీద రంగు లేని తెల్లకన్ను ఒకటి. కింద పడకుండా కళ్ళను ఆ గుడ్డ మీదే పెట్టడం మామూలే. అయినా ఆమె తలుపు వెనక చూసింది. అక్కడ గొడుగు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం ఒక్క బిళ్ళ కూడా ముట్టుకోకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా అంతే.

తర్వాతి వారం ఒక టీచరమ్మ కుడివైపు కొత్త కన్ను పెట్టించుకుని వెళ్ళి, మూడోరోజే తిరిగొచ్చింది.

"క్లాసులో పిల్లలంతా నా ఎడమ కంట్లోకే చూస్తున్నారండీ. కుడి కంట్లోకి ఎవరూ చూడట్లేదు" అన్నది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

మాస్టారు కన్ను తీసి వెలుతురులో పట్టుకున్నాడు. "పాలిష్‌లో తేడా వచ్చిందమ్మా. మళ్ళీ చేసిస్తాం" అన్నాడు. అని శిష్యురాలి వైపు చూశాడు. అది తను దిద్దకుండా వదిలేసిన బిళ్ళే. ఆమె బ్రష్షు వైపు చూసింది.

బొమ్మ పూర్తయింది. గడువు ఇంకా ఐదురోజులుంది. మాస్టారి మీద అనుమానం సంగతి బావకు చెప్పింది. అతను బొమ్మను లైటు దగ్గరికి పట్టుకెళ్ళి, మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. అతను అలా చూడటమే మెచ్చుకోవడం.

"పంపెయ్యి. ఎవరు రాశారో నీకేం తెలుసు? అడగనంతవరకు తెలియనట్టే" అన్నాడు.

"తెలుసని అనిపించినా చెప్పాలట."

"అనిపించడానికి సాక్ష్యం అడుగుతారా ఎవరైనా?"

సాక్ష్యం మాటకొస్తే, ఆయన కాదనడానికి ఆమె దగ్గర ఒకటుంది. కథలో ముసలాయనది ఎడమచేతి వాటం. మాస్టారిది కుడి. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఆమె నెలంతా బొమ్మ వేసింది. ఇప్పుడు అది కూడా నిలుస్తుందో లేదో తేల్చుకోవాలనిపించింది. ఆయన కాదని తేలితే నిశ్చింతగా పంపొచ్చు. బొమ్మకు ఇంకో ప్రతి గీసింది. అందులో తలుపు వెనక ముసలాయన బ్రష్షును ఎడమకు బదులు కుడిచేత్తో పట్టుకున్నాడు.

పొద్దున అది మాస్టారి ముందు పెట్టింది.

"నీడలు కుదిరాయేమో చూస్తారా?"

ఎందుకు, ఏమిటి అని ఆయన అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి చూశాడు. పెన్సిలు తీశాడు.

"తలుపు నీడ బాగుంది. గుడ్డ మడత బాగుంది." ఆయన నోట రెండుసార్లు బాగుందని వినడం ఆమెకు అదే మొదలు. పెన్సిలు మొన చేతి బొమ్మ మీద ఆగింది. "ఇదేంటి, చెయ్యి మార్చావు? ఇతనిది ఎడమ కదా."

బయట అక్క ఎవరి పేరో పిలుస్తోంది. ఆయన పెన్సిలు కింద పెట్టాడు. పెట్టాక కూడా వేళ్ళు ఆగలేదు.

"నేను మీకు కథ చెప్పలేదు మాస్టారూ."

"లేదు." కాస్త ఆగి, "కావాలనే కుడి గీశావా?" అన్నాడు.

"కావాలనే."

"ఇది నేను నేర్పింది కాదు."

ఆమెకు నవ్వు రాలేదు. "దొంగ అని రాశారు" అన్నది.

"రాసిన రోజు అలాగే అనిపించింది. రోజూ పొద్దున వచ్చి, ఎన్ని దిద్దావో లెక్క చూసుకునేవాణ్ణి. నాతో ఒక్క మాట అన్నావా?"

"అంటే బాధపడతారని."

"అనకపోతే ఏమైందో చదివావుగా."

ఆమె బొమ్మను తనవైపు లాక్కుంది. ఆయనే మళ్ళీ అన్నాడు. "అది నీ దగ్గరికే వస్తుందని నేననుకోలేదు. పంపెయ్ అమ్మాయ్. నేనెవరికీ చెప్పను."

"బయటపడితే మీ కథ పోతుంది."

"పోతే పోనీ. అరవై మూడేళ్ళకి కొత్తవాణ్ణయ్యాను. తీసేస్తే ఇంకొన్నాళ్ళు కొత్తవాడిగానే ఉంటా."

"టీచరమ్మ కన్ను గురించి కూడా ఇలాగే ఇద్దరం ఎవరికీ చెప్పలేదు మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అరలోంచి టీచరమ్మ కన్ను కోసం కొత్త బిళ్ళ తీసి, తన ముందు కాకుండా ఆమె ముందు పెట్టాడు.

"ఇకమీద నేనున్నప్పుడే వెయ్యి. రంగులు నేను కలుపుతా. కన్ను ఇంకా బాగానే ఉంది నాకు."

పోటీవాళ్ళ ఫారం ఒకే పేజీ. సాయంత్రం ఇంట్లో కూర్చుని నింపింది. రచయితతో మీ సంబంధం అన్నచోట 'ఆయన దగ్గర పని నేర్చుకున్నాను' అని రాసింది. ఎలా తెలిసింది అన్నచోట రెండు గీతల జాగా ఉంది. మొదట 'మాటల్లో తెలిసింది' అని రాసి కొట్టేసింది. అలా రాస్తే ఆయనే చెప్పాడనుకుంటారు. దాని కింద చిన్న అక్షరాలతో రాసింది: 'రచయిత నాకేమీ చెప్పలేదు. నేనే కావాలని బొమ్మను తప్పుగా గీసి, ఆయనకు చూపించి తెలుసుకున్నాను.'

బావ భుజం మీదుగా చదివాడు. "ఇలా రాస్తే వచ్చే ఏడాది నిన్ను గడప తొక్కనిస్తారా?"

"తెలీదు."

"ఆ రెండో వాక్యం తీసెయ్యొచ్చుగా. ఎవరు చూడొచ్చారు?"

ఆమె కాగితం మడిచి కవరులో పెట్టి అంటించింది. పేరు అచ్చు కాదన్న సంగతి అప్పుడు తెలిసొచ్చినట్టయింది. కాసేపు కవరు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"ఇటివ్వు. నేనెలాగూ అటే వెళ్తున్నా, పోస్టులో వేస్తా" అన్నాడు బావ చెయ్యి చాపి.

ఆమె ఆ చేతిని, తర్వాత అతని ముఖాన్ని చూసింది.

"వద్దులే బావా. నేనే వేస్తా" అని చెప్పులు తొడుక్కుంది.